పటం లేని పరుగు

టార్టులో జనవరి. నాలుగింటికే చీకటి.
కింద ఎమాయోగి గడ్డకట్టింది,
దాని మీద ఎవరో కుక్కను తిప్పుతున్నారు.
నేను మూడో అంతస్తులో,
ముప్పై ఏడు డిగ్రీల పెట్టె పక్కన స్వెట్టర్ విప్పి కూర్చున్నాను.
ఈ ఊళ్ళో నిజంగా వెచ్చగా ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.
లోపల ఉన్నవి కెర్తు కణాలు.

కెర్తుకు పదహారేళ్ళు.
పటమూ దిక్సూచీ పట్టుకుని అడవిలో పరుగెత్తే ఆటలో
జిల్లాకు రెండో స్థానం.
"మొదటిది కాదు, సరిగ్గా రాసుకో" అంది నాతో.
ఎడమ మోకాలి పైన, తొడ ఎముకలో కణితి.
అంగీకార పత్రం మీద తల్లి సంతకం పొందిగ్గా ఉంది,
దాని కింద ఈ పిల్లది
గీత దాటి, కాగితం అంచుదాకా.
చివరి ప్రశ్న:
మీ కణాలతో ఏం చేశామో తెలుసుకోవాలని ఉందా?
'ఉంది' దగ్గర మూడు టిక్కులు.

మా పద్ధతి ప్రకారం ఒక ఉత్తరం పంపాలి.
ఉత్తరం కోసం ఆగక
చంకకర్రలతో బస్సెక్కి వచ్చేసింది.

చూపించాను.
వేలిగోరంత పలక. అందులో మేం చెక్కిన సందులు,
వెంట్రుకను ఇరవై చీలికలు చేస్తే ఒక చీలిక వెడల్పు.
ఐదు నిమిషాలకో ఫోటో, రాత్రంతా.
తెల్లారేసరికి పన్నెండు గంటలు
అరనిమిషం బొమ్మగా మిగులుతాయి.

కణానికి కాళ్ళు లేవు.
ముందుకు ఒక పల్చటి అంచు సాచుతుంది,
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడిమినట్టు.
పట్టు దొరికితే
వెనకున్నదంతా ఈడ్చుకుంటుంది.
మెత్తటిదంతా జారిపోతుంది గానీ
నడుమ కేంద్రకం ఇరుక్కుంటుంది.
తల పడితే ఒళ్ళు పడుతుందని
మా అమ్మమ్మ ఎలుక కన్నాల ముందు కూర్చుని అనేది.

కెర్తు తెరకు ముక్కు ఆనించింది.
"అటు కాదు! అటు మూసేసి ఉంది,
వెనక్కి రా, మొద్దూ!"
అరిచి, నాలుక కరచుకుంది.
"హెల్వే, నేనిప్పుడు ఎవరి వైపు?"

నా దగ్గర జవాబు లేదు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ పెట్టె కాస్తున్నా
ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"పటం ఎవరిచ్చారు వీటికి?"
ఎవరూ ఇవ్వలేదన్నాను.
చుట్టూ ఉన్న తీపి తినేస్తాయి,
ఇంకా మిగిలి ఉన్న వైపు కదులుతాయి.
తిన్నదే దిక్సూచి.
"అది మోసం. మా ఆటలో అయితే పేరు కొట్టేస్తారు."

రెండో పలక చూపించకుండా ఉండాల్సింది.
అందులో మందు కలిపాం.
సందుల ముందు కణాలన్నీ నిలబడిపోయి ఉన్నాయి.
"చచ్చిపోయాయా?"
లేదు. ఊపిరి ఉంది, ఆకలి ఉంది. కదలవు, అంతే.
ఆమె తన కాలి కేసి చూసుకుంది.
ఏమీ అనలేదు.
పెట్టెలో ఫ్యాను ఆగి, మళ్ళీ మొదలైంది.

పలక మీద ఆగింది మనిషిలో ఆగుతుందో లేదో తెలీదన్నాను,
పదేళ్ళు పట్టొచ్చన్నాను.
మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.
వేళ్ళు మడిచి లెక్కేసింది:
"ఇరవై ఆరు. అప్పటికి పెద్దవాళ్ళ విభాగంలో ఉంటా."

ఐదు నలభైకి బస్సు.
పద్నాలుగో సందులో ఒకటి సగం దూరి ఆగిపోయింది.
"అది బయటపడిందో లేదో చెప్పు" అని వెళ్ళింది.
కిటికీలోంచి చూశాను.
మంచులో ఒక అడుగు, రెండు గుండ్రటి గుంటలు,
ఒక అడుగు, రెండు గుంటలు,
స్టాపుదాకా.

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
పద్నాలుగో సందు ఖాళీ అయింది.
ఇది ఆమెకు శుభవార్తో కాదో
నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లు చెరిపి,
చివరికి అంకెలే పంపాను:
పద్నాలుగు. తెల్లవారుజాము నాలుగుం పావు.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది,
నిద్రపోలేదన్నమాట:
"అంతసేపా?
నేనైతే ఎప్పుడో వచ్చేసేదాన్ని."