గోచాకి చలేసింది

ఆదివారం. మెట్రో నడిపే పని లేదు నాకు.
ఆరు రోజులు నేల కింద తిరిగినవాణ్ణి,
పైన ఎండెంత ఉందో
పిల్ల కళ్ళు చికిలించడం చూసి తెలుసుకుంటాను.

తేక్లాకి నాలుగేళ్ళు నిండి నెలన్నర.
ఓ చెయ్యి నాకు, ఓ చెయ్యి వాళ్ళమ్మకు ఇచ్చి
త్బిలిసి స్టేషన్ వెనక బజారులోకి
మా మధ్య ఊగుతూ వచ్చింది.
కాళ్ళు నేలకు ఆనితే ఒట్టు.

ఖాతునా కూరలు కొంటుంటే చూడాలి.
పాలకూర కట్ట చెవి దగ్గర పెట్టుకుని నలుపుతుంది,
కిరకిరమంటే ఇవాళ్టిది, ఊరుకుంటే నిన్నటిది.
అక్రోటు పప్పును గోటితో గిల్లి
నూనె మెరిస్తేనే తూకానికి ఒప్పుకుంటుంది.
టమాటాలమ్మే కఖేతి తాత
గుప్పెడు కొత్తిమీర కొసరేసి
"ఇది పాపకి" అన్నాడు.
పాప ముక్కు చిట్లించింది.
పచ్చనిదేదీ దాని గొంతు దిగదు మరి.
బంగాళాదుంప మీద పచ్చ మచ్చ కనిపించినా
"ఇది చెట్టు" అని పళ్ళెం అంచుకు నెట్టేస్తుంది.

అలాంటిది, వంకాయల గుట్ట దగ్గర ఆగిపోయింది.
అడుగునుంచి ఒకదాన్ని లాగింది,
మూడు కాయలు దొర్లి రోడ్డెక్కాయి.
మోచేతి పొడవు, వంకర మెడ,
ముచ్చిక పక్కన ఒంటి ముల్లు.
"గోచాకి చలేస్తోంది" అంది.
ఎవరా గోచా అంటే
నా బుద్ధికి జాలిపడ్డట్టు చూసి
మఫ్లర్ తీసి కాయకి చుట్టింది.
కిలోన్నర వంకాయలు సంచిలోకి,
గోచా చంకలోకి.

కొండెక్కే రైలు దగ్గర
ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల అన్నాను.
"మరి గోచాకి?"
టికెట్లిచ్చే ఆవిడ అద్దంలోంచి తొంగి చూసి
"ఒళ్ళో కూర్చుంటే ఉచితం" అంది.
ఒక్క పిసరు నవ్వలేదు మహాతల్లి.

పైన గాలి. కింద ఊరంతా కప్పులే కప్పులు,
మధ్యలో మట్టిరంగు తాడులా నది.
తేక్లా కాయను రెండు చేతులా పైకెత్తి
మెడ సరిచేసి చూపించింది:
"అదిగో గోచా, ఆ నీళ్ళ కింద, ఇంకా కింద,
మా నాన్న ఉంటాడు."
పక్కనే ఉన్నాను నేను.
దాని భుజం మీద చెయ్యి కూడా వేసే ఉన్నాను.
ఖాతునా నా వైపు చూసి
రొట్టె తుంచి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ.
వంకాయ చీలికలు పెనం మీద చుయ్యిమన్నాయి.
అక్రోటు, వెల్లుల్లి, నీలి మెంతిపొడి, చుక్క పులుపు
రోట్లో నూరే పని నాది.
ఆ ముద్ద పూసి వంకాయలు చుట్టింది ఖాతునా,
మిగిలింది ఉడికిన పాలకూరలో కలిపి ఉండలు చేసింది.
ఉండకో దానిమ్మ గింజ పెట్టే పని తేక్లాది.
ఉండకొకటి, నోటికి రెండు.
ఏడో ఉండకి గింజలు అయిపోయాయి.

గోచాకి కుర్చీ వేశాం, కింద రెండు దిండ్లు.
పిల్ల పళ్ళెంలోకి చూసింది,
కుర్చీలోకి చూసింది.
"వీళ్ళు గోచాకి ఏమవుతారు?"
నా ముద్ద చేతిలోనే ఆగింది.
"చుట్టాలు" అంది ఖాతునా, ఉప్పు అందుకుంటూ.
గోడగడియారం చాలాసేపు కొట్టుకుంది.
"చుట్టాలొస్తే లోపలికి రమ్మనాలి కదా"
అని నోరు తెరిచింది తేక్లా.

మొహం వంద వంకర్లు పోయింది.
మింగింది మాత్రం.
రెండో చుట్టాన్ని పిలవలేదు.

ఇవాళ గురువారం.
నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఒంటిగంట.
దిండు పక్కన మఫ్లర్‌లో గోచా,
నుదురంతా ముడతలు, పొట్ట మెత్తబడింది.
"ఆదివారం దాకా ఆగుతుందంటావా?"
చీకట్లో గుసగుసగా అడిగింది ఖాతునా.
వంగి చూశాను.
ముచ్చిక ఇంకా పచ్చగానే ఉంది.
మఫ్లర్ కొంచెం పైకి లాగాను.