ఈడు కాని ఈడు

క్లాక్స్‌విక్ రేవులో షిఫ్టు దిగి
చేతులకింకా చేప వాసన వదలకముందే
వంటింటి తలుపు చట్రం ముందు కూలబడ్డాను.

హోగ్ని ఏడేళ్ళప్పటి గీత.
ఎనిమిదిది దానికి మూడు వేళ్ళ పైన.
తొమ్మిదిది వేలెడు పైన.
పదో పుట్టినరోజున మాత్రం
పెన్సిలు తొమ్మిది మీదే మళ్ళీ నడిచింది.
ఒకే గీత, కాస్త లావుగా.
నా చెయ్యి వణికిందనుకున్నాను.

పాత ప్యాంట్లే ఇంకా సరిపోతున్నాయని
డబ్బు మిగిలిందని
పక్కింటి రగ్నాతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సోమవారం పొద్దున కడుపునొప్పి అంటే
బడి ఎగ్గొట్టే సాకు అన్నారు.
శనివారం కూడా నొప్పి అంటే
తిండి దగ్గర పేచీ అన్నారు.
నోట్లో పుళ్ళకు పూత మందు ఇచ్చారు.
నెత్తురు లేదు, పరుగులు లేవు,
పెరగకపోవడం ఒక్కటే.
పెరగకపోవడం ఏ చప్పుడూ చెయ్యదు.

మా నాన్న హానుస్‌కి నెత్తురు పడింది.
డెబ్భై మూడేళ్ళు, నలభై ఏళ్ళు ట్రాలర్ మీద.
మొదట మొలలన్నారు.
తర్వాత, ఈ వయసులో నెత్తురంటే ఇంకేముంటుందని
గొంతు తగ్గించి, ఆ మాట పైకనకుండా
లోపలికి కెమెరా పంపారు.
పుట్ట లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.
వెతికింది దొరకలేదు గనుక
దొరికినదాన్ని ఎవరూ చూడలేదు.
పద్దెనిమిది నెలలు ఆయన
చర్చిలో చివరి బెంచీ మీదే కూచున్నాడు,
తలుపు పక్కన.
ఆలస్యంగా పేరొచ్చింది: అల్సరేటివ్ కొలైటిస్.
"కుర్రాళ్ళ జబ్బట కదమ్మా," అని నవ్వాడు,
సిగ్గుపడ్డట్టుగా,
ఎవరి కోటో పొరపాటున తొడుక్కొచ్చినవాడిలా.

కాల్సోయ్ పడవలో తెలిసింది మిగతాది.
పడవెక్కగానే పిల్లలు కిటికీ కోసం పరిగెడతారు.
వీడు ముందు టాయిలెట్ గడియ చూశాడు.
ఎర్ర గుర్తా, పచ్చ గుర్తా అని చూసి
దానికి దగ్గరగా కూచున్నాడు.
నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.
"వీడు అడుగులు లెక్కపెడుతున్నాడు," అన్నాడు.
"నాకు తెలుసు. నేనూ అంతే."

ఆ తర్వాత సముద్రం కింది సొరంగాలు దాటి
తోర్స్‌హావ్న్‌కి ఎన్నిసార్లు వెళ్ళామో.
క్రోన్స్ అన్నారు.
ఒకే వంశం జబ్బు, వేరే పేరు, వేరే పేగు.

డాక్టరమ్మ చిన్నది, మంచి మనిషి.
"పాతికేళ్ళ అమ్మాయి ఇదే నొప్పితో వస్తే
ఆ వారమే అనుమానించేవాళ్ళం," అంది.
పాతికేళ్ళు!
నేనున్నాను కదా ఆ వయసులో,
ఒకప్పుడు, రాయిలాంటి కడుపుతో.
పుస్తకంలో ఆ పేజీ నాదే.
నన్ను దాటేసి, అటు ఒక ఈడు కాని ఈడులో,
ఇటు ఒక ఈడు కాని ఈడులో దిగింది.
మధ్యలో నేను
రెండు వైపులా ఆలస్యంగా చేరినదాన్ని.

ఎనిమిది వారాలు వాడికి అన్నం లేదు, రొట్టె లేదు,
వెనిల్లా వాసన డబ్బా పాలే.
గాలికి ఎండిన మాంసం
కొట్టంలో వేలాడుతూనే ఉంది.
వాడు తాగుతున్నంతసేపూ
నాన్న తన కత్తి ముట్టుకోలేదు.
"నాకూ ఆకలి లేదులే" అనేవాడు. అబద్ధం.
రాత్రి వాడు పడుకున్నాక
కొట్టం తలుపు కిర్రుమనేది.

ఇవాళ హోగ్నిని మళ్ళీ నిలబెట్టాం.
పెన్సిలు నాన్నే చెక్కాడు, చేపల కత్తితో.
వాడు ఊపిరి బిగబట్టాడు.
నేను గీయబోతున్నాను,
లావు గీతకు పైన
నువ్వుగింజంత ఖాళీ కనబడుతోంది,
నా కళ్ళు నేనే నమ్మడం లేదు.

నాన్న మోకాళ్ళు పట్టుకుని
మూలుగుతూ వంగాడు, నేల దాకా.
వాడి సాక్సు కింద వేలు పెట్టి చూశాడు.

"మడమలు దించరా, దొంగా."