బద్ద కాకుండా

కాశీబుగ్గ హైస్కూలు, తొమ్మిదో తరగతి, బి సెక్షను.
మధ్యాహ్నం గాలికి జీడిపిక్కలు కాల్చే పొగ
కిటికీలోంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది.
హాజరుపట్టీలో పేరు లేని విద్యార్థి.

బోర్డు మీద అయిదక్షరాలు రాశాను. బ్రేక్.
ఢిల్లేసు వెంటనే గాల్లో క్లచ్చి పట్టి
నోటితో కీచుమని ఆగాడు.
క్లాసంతా ముందుకి తూలింది.
అది వేరే బ్రేకురా, స్పెల్లింగు వేరు అంటే
"ఆగడం ఒకటే కదండి" అన్నాడు.

ఈ మాటకి ఒంటరిగా ఉంటే పెద్ద పని లేదు.
మూడురోడ్ల జంక్షన్లో పొద్దున్నే నిల్చున్న కూలీలాగ
ఎవరు పిలిస్తే వాళ్ళ పనిలోకి వెళుతుంది.
ఎముక పిలిస్తే విరుస్తుంది,
మాట పిలిస్తే తప్పుతుంది,
ఉపవాసం పిలిస్తే విడుస్తుంది.
అయిదొందల నోటు పిలిస్తే చిల్లర చేసి తెస్తుంది.
చావుకబురు పిలిచిందా,
చెప్పులు గుమ్మం బయట విడిచి
ముందు మంచినీళ్ళు అడిగి
అటూ ఇటూ చూసి
అప్పుడు చెబుతుంది.

ఒక్క తుఫాను దగ్గర రెండు భాషలూ కలిశాయి.
వాళ్ళకి బ్రేక్, మనకి విరుచుకుపడడం.
దాన్ని విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.
ఉద్దానం పిల్లలు.
ఆ రాత్రి ఎన్ని చెట్లు పోయాయో
ఇంటికొక లెక్క ఉంది.

"పాలో సార్? ఆళ్ళకి పాలిరగవా?"
విరగవమ్మా. అక్కడ పాలు ఇంకోలా పాడవుతాయి.
"మనసు?"
మనసు కాదు, గుండె. ముక్కలవుతుంది.
"గుండె ముక్కలైతే మనిషి సచ్చిపోడేటి సార్!"
అందరూ విరగబడి నవ్వారు.
ఆ నవ్వుని ఇంగ్లీషులో ఎలా అనాలో
నాకప్పటికి తట్టలేదు.

అప్పుడు లేచింది తామాడ హైమ.
తనంత తాను లేవడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి.
"జీడిపిక్కకి ఏటంటారు సార్?"

క్రాక్ అంటారు. షెల్ అనీ అంటారు.
బ్రేక్ అన్నా తప్పులేదు.

"తప్పేనండి.
పిక్క ఇరగాల, పప్పు ఇరక్కూడదు.
గుండొస్తే ఒక రేటు, బద్దయితే ఒక రేటు,
ముక్కయితే లెక్కలోకే రాదు.
మాయమ్మ పదకొండేళ్ళనుంచి
ఇరగ్గొట్టకండా ఉండడానికే కూలికెల్తంది."

గంట కొట్టారు.
దాన్ని కూడా బ్రేక్ అనే అంటారు.
ఎవరూ ఒక్క క్షణం లేవలేదు,
తరవాత ఢిల్లేసు లేచాడు,
వాడి వెనకాల అందరూ.

శనివారం దాలమ్మ వచ్చింది, మార్కుల కార్డు మీద సంతకానికి.
జీడిసొన తిన్న వేళ్ళు. గోళ్ళ చుట్టూ నలుపు.
రేషను మిషను పోల్చుకోలేని వేళ్ళు.
ఇంకుప్యాడు ముందుకి జరిపాను.
ఆమె దాన్ని వెనక్కి జరిపి పెన్ను అడిగింది.
ఊపిరి బిగబట్టి రాసింది,
ఒక్కో అక్షరమూ గుండుగా,
ఎక్కడా బద్ద పోకుండా.

చేతికేమైనా రాస్తావామ్మా అన్నాను.
"ఆవదం బాబూ. దానికదే ఇరుగుడు."
చెట్లెలా ఉన్నాయన్నాను.
"తుఫానుకి పోగా రెండున్నాయి.
ఈయేడు రెండూ ఇరగ్గాసినాయి."
అని నవ్వి, పనికి ఆలిస్యమైపోతందని
బేగి బేగి మెట్లు దిగింది.

ఇంటికొచ్చి పాత డిక్షనరీ తీశాను.
ఆ మాట కింద రెండు పేజీల పైన ఉంది.
పగలడం, తెగడం, తెల్లారడం, గొంతు మారడం,
గుర్రాన్ని లొంగదీయడం కూడా ఉంది.
కొమ్మ వంగిపోయేటంత కాయడం
ఎంత వెతికినా లేదు.

మార్జిన్లో పెన్సిలుతో రాద్దామని
విరగ, అని మొదలుపెట్టానో లేదో
ములుకు పుటుక్కుమంది.

దీనికి మాత్రం బ్రేకే.
అనుమానం లేదు.