తరుగు

పొద్దున తొమ్మిదింటికి డేటా స్ట్రక్చర్స్.
పగటి బువ్వ తిన్నంక మార్కెటింగ్ మేనేజ్‌మెంట్.
నడుమ ముప్పావు గంట:
సుబేదారి రోడ్డు దుమ్ము,
నౌషీన్ డబ్బాల సగం నాది.

"ఒక్కటి చదవరాదే, రెండెందుకు?"
మేనత్త కొంరమ్మ అడిగినప్పుడల్లా
కాంటాకు రెండు పళ్లాలుంటయి గదా అని
తప్పించుకునేదాన్ని.
మాది కాంటా ఇల్లు.
నాయిన ఏనుమాముల మార్కెట్ల దడ్వాయి.

ఎండకాలం మొదలైందంటే
ఆయన కంటె ముందు ఆయన అంగీ వస్తది ఇంట్లకు.
ఘాటుకు అందరం తుమ్ముతం,
పక్కింటి పిల్లితో సహా.

మూడో ఏడు ప్రాజెక్టుకు
తోటోళ్లు సినిమా టికెట్ల లెక్కలు తెచ్చుకున్నరు.
నేను అటుక మీది బియ్యం సంచి దించిన.
పదకొండేండ్ల తూకం చిట్టీలు,
నాయిన నీలి పెన్ను రాత,
ఏడు అంకె ఒకటి లెక్క ఉంటది, చూసి చూసి పోల్చుకోవాలె.
మూడు రాత్రులు తుమ్ముకుంట కొట్టిన.
కీబోర్డు సందులల్ల ఎర్రగ పొడి.

అంతా ఎక్కింది, ఒక్కటి తప్ప.
క్వింటాలుకు కిలోనో రెండు కిలోలో
ఎగిరిపోయే ఆ గడికి పేరు కావాలె.
పేరు లేని వేరియబులును యంత్రం ఒప్పుకోదు.
"లాస్ అని పెట్టమ్మా" అన్నడు పొద్దటి సారు.
"మార్జిన్ అనాలి" అన్నది మధ్యాహ్నం మేడం.
నాయిన నవ్విండు:
"దానికి పేరెందుకు బిడ్డా,
ఎప్పటి సంది ఉన్నదేనాయె."

టి, ఏ, ఆర్, యు, జి, యు.
ఆరు చిన్నక్షరాలు. అదే ఉంచిన.

రైతుల పేర్లతోని జల్లెడ పట్టిన.
భూక్యా లచ్చు, చపాటా మిర్చి,
ప్రతేడు వచ్చినోడు, ఒక్కేడు తప్ప.
పదకొండేండ్ల తరుగు
ఒక్క గీతల నిలబడ్డది:
తొమ్మిది బస్తాలు, మీద పద్నాలుగు కిలోలు.

నాయిన స్క్రీను దగ్గరికి కుర్చీ జరుపుకున్నడు.
వేలితోని గీత వెంబడి పోయిండు,
చిట్టీ మీద పోయినట్టే.
"ఇది నా చేతి రాతే గదా" అన్నడు.
నాయిన, అది కంప్యూటర్ అక్షరం, అన్న.
"లేదు, నాదే" అన్నడు.

వైవాల అడిగిండ్రు,
"నీ సాఫ్ట్‌వేర్‌కు కస్టమర్ ఎవరు?"
అడ్తి వ్యాపారి అంటే మార్కులొస్తయి,
లచ్చు అంటే నవ్వుతరు.
చెప్పుడు రాక
నీళ్ల సీసా మూత తిప్పుకుంట నిలబడ్డ.
బీ ప్లస్ ఇచ్చిండ్రు.

తెల్లారి జెండా పాటకు పోతుండు నాయిన.
అంగీ జేబుల నీలి పెన్ను,
దాని ఎనక నాలుగు మడతల కాయితం,
నేను తీసిన ప్రింటే.
ఎవలకు చూపెడ్తవని అడుగలె.
సాయంత్రం అంగీ ఉతికేటప్పుడు
జేబు తడిమిన.
పెన్ను ఉన్నది.