ఊదారంగు పెన్ను

సిరొంచ తహసీలు ఆఫీసులో ఇవాళ వరస లేదు.
పంచాయతీ ఎలక్షన్లప్పుడు గోడ చుట్టూ తిరిగే జనమంతా
ప్రాణహిత అవతల మిరపకాయలు ఏరుతున్నారు.
డిగ్రీ ఉన్నవాళ్ళకే ఓటు.
మధ్యాహ్నానికి పదిహేడు.
నేను పద్దెనిమిది.

మా అమ్మ పోచుబాయి గేటు బయట
నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది.
కింది సభకి తొమ్మిదిసార్లు ఓటేసింది,
మిషను మీద ఏ బొమ్మ ఎక్కడుంటదో
చీకట్లో కూడా చెప్పగలదు.
"పెద్దల సభంటివి గదనే,
అరవై యేండ్లదాన్ని, నేను పెద్దదాన్ని కానా?"
కానిస్టేబుల్ నవ్వాడు, మరాఠీలో.

లోపల టేబులుకి దారంతో కట్టేసిన ఊదారంగు పెన్ను.
టిక్కు పెట్టొద్దు, సంతకం వద్దు, అంకెలు చాలు.
ఎక్కువ ఇష్టమైనవాళ్ళకి ఒకటి,
ఆ తర్వాతి ఇష్టానికి రెండు,
ఇంకా మిగిలితే మూడు.
ఇష్టాన్ని ఇలా వరసపెట్టమని
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.

పదకొండు పేర్లు. గుర్తుల్లేవు.
అందరూ నాగపూరు, ఒకాయన చంద్రపూరు.
బ్యారేజీ వెనక నీళ్ళు ఎగదన్ని మా చెలక మునిగినప్పుడు
వీటిలో ఏ పేరూ ఇటు రాలేదు.
"అంకెలు ఏ భాషలో వేయాలి?" అన్నాను.
ఆఫీసరు పుస్తకం తిరగేసి
"రాజ్యాంగంలో ఉన్న ఏ భాషయినా" అన్నాడు,
తనకూ అప్పుడే తెలిసినట్టు.

మా తాత గట్టయ్య పడవ లోపలి పలక మీద
దాటించిన మనుషుల లెక్క సుద్దతో రాసేవాడు.
బడి ఎరగడు, ఆ అంకెలు ఎవరు నేర్పారో.
బోర్లించిన పడవలా ౧.
తోక తిప్పిన చేపలా ౨.
వాన పడితే లెక్క కొట్టుకుపోయేది.
"పోనీ తియ్, దాటినోళ్ళు దాటిండ్రు గద" అనేవాడు.

౧ వేశాను, ఎవరికో చెప్పను.
౨ వేశాను.
అప్పుడు కనపడింది గోడమీది కాగితం:
ఓటరెవరో తెలిసే గుర్తేదీ ఉండరాదు.

ఆరు జిల్లాల ఓట్లు నాగపూరులో గుట్టగా పోస్తారు.
ఆ గుట్టలో ఈ చేప ఒక్కటే.
ఎవరో వెలుతురుకి పట్టుకుని చూస్తారు,
చెల్లుతుందా అని పక్కవాణ్ణి అడుగుతారు,
ఆ అర నిమిషం
పెద్దల సభ మా తాత పడవలో కూచుంటుంది,
సుద్దముక్క కోసం వెతుక్కుంటూ.

బయటికొస్తే అమ్మ నా వేలు తిప్పి సిరా చూసింది.
"గెలుస్తడా నీవోడు?"
"రెండోవాడు గెలవచ్చు."
"ఒక్క ఓటు ఇద్దరికెట్లేస్తివే?"
చెప్పేలోపు బస్సొచ్చింది.