ఆరో ముక్క

ముహరక్ సూక్ వెనక సందులో
ఏసీ నీళ్లు చుక్కలు పడే గోడ కింద
పెట్టె నా ముందు దించి వెళ్లారు.
"మూత బిగించు, చాలు" అన్నాడు ఫోర్‌మన్ కుర్యన్.
పదకొండేళ్లుగా నేను బిగించేవి అవే:
ప్లైవుడ్డు, ఫార్మైకా, జిగురు, మేకుల తుపాకి.

తడిగుడ్డతో ఒక మూల తుడిచాను.
ఇరుగుడు చేవలో దంతపు కొమ్మ.
గోరు మందాన చెక్క తొలిచి, రేకు దిగ్గొట్టి,
దాని మీద సూదిమొనతో ఈనెలు గీసి
వేడి లక్క రుద్దుతారు.
ఆరాక గీకేస్తే
గీతలో దాక్కున్నదే మిగులుతుంది, నల్లగా.
ఇది విశాఖ పని.
చేసేవాళ్లు ఉండేవారని మా తాత అనేవాడు,
ఆయనా చూసిందిలేదు.

పెట్టె గలావిడ ఖుమాషా. ముత్యమని అర్థమట.
ఖుమాషమ్మా అంటే పలుకుతుంది.
రేకులూడిన గుంటల్లో వేలు పెట్టి
వచ్చీరాని హిందీలో చెప్పింది:
"మా తాత నావలో తెచ్చాడు.
లోపలి రాతలు తావీజు. అందుకే నావ మునగలేదు."

గుంటల అడుగున, ఉలిమొనతో:
౪, ౫, ౬, ౭.
పంచాంగంలో తప్ప నేనెక్కడా చూడని అంకెలు.
రేకుల వెనకా అవే.
ఏది ఎందులోదో మరిచిపోకుండా
ఎవడో పనివాడు పెట్టుకున్న గుర్తులు.
మధ్యలో ఎవరో చదవలేక
ఏడును ఐదులో, ఐదును ఏడులో ఇరికించారు,
పాపం, కొమ్మ అన్నేళ్లూ తలకిందుల ఆకులు మోసింది.

ఏడును ఏడులో పెట్టాను. ఠక్కున కూర్చుంది.
ఆరు లేదు.

దంతం ముట్టుకుంటే జైలు.
కసాయి దగ్గర ఒంటె కాలెముక అడిగి తెచ్చి
సున్నపునీళ్లలో ఉడకబెట్టాను.
ఆ కంపుకి అప్పలస్వామి
రెండు రాత్రులు మేడమీద పడుకున్నాడు.
సెలవు నుంచి వచ్చినవాడొకడు
గడ్డం సామాన్ల మధ్య లక్క కడ్డీ తెచ్చాడు.
పొయ్యి సగమే వెలిగించాను;
మిగతా సగం పికప్ బానెట్ చూసుకుంది.

మొదటి ఆకు గొంగళిపురుగులా వచ్చింది.
రెండోదీ అంతే.
నాలుగోది ఆకే.

అతికించేముందు వెనక్కి తిప్పి
౬ గీస్తుంటే ఆవిడ చూసింది.
"నీకు చదవడం వచ్చా? ఏముంది అందులో?"

ఒక్కో గుంట మీదా వేలు పెట్టి
మన మాటలోనే చెప్పాను,
"నాలుగు. ఐదు. ఆరు. ఏడు."
ఆవిడ కళ్లు మూసుకుని
రెండు చేతులూ పైకెత్తి
ఆమీన్ అంది.

అవతల నుంచి కుర్యన్ అరుస్తున్నాడు,
మూత బిగించావా అని.