తెగిన క్లచ్ వైరు

సాలూరు దాటి ఘాట్ ఎక్కాక
మైలురాళ్ళ మీద అక్షరాలు గొడుగులు వేసుకున్నాయి.
వాన మాత్రం ఇంకా రాలేదు.

సుంకి నాలుగు కిలోమీటర్లుందనగా
క్లచ్ వైరు తెగింది.
లారీలు హారన్ కొట్టి పరామర్శించి పోయాయి.
ఒక్కణ్ణే పోతానని పంతం పట్టినవాణ్ణి,
ఎవర్ని తిట్టను? హెల్మెట్‌ని తిట్టాను.

అమ్ముడుపోని అల్లంతో సంత నుంచి దిగుతున్న మనిషి
తలమీద బుట్ట దించకుండానే
వెనక సీటుకి ఒక చెయ్యి ఆనించింది.
దిగాల్సిన దారి
నాకోసం మళ్ళీ ఎక్కింది.
సొంబారి ఖిలో అట పేరు.
నా తెలుగు ఆమెకి సగం,
ఆమె దేశియా నాకు వీసం,
మిగతాదంతా ఆయాసం.

చెక్‌పోస్టు దగ్గర ఆనపబుర్ర వంచి
చోడంబలి పోసింది నా దోసిట్లో.
గ్రీజు వాసనతోనే తాగేశాను.
వంద నోటు తీస్తే తల అడ్డంగా ఊపి
వేలితో బండికేసి చూపించింది.
అద్దమా? తాళమా? నీళ్ళ సీసానా?
కాదు, వేలాడుతున్న వైరు.

ఊడిన బుట్ట అంచుకి అయిదు చుట్లు చుట్టి
రాయితో కొస నొక్కి
మళ్ళీ తలకెత్తుకుంది.

మెకానిక్ వచ్చేసరికి చీకటి.
కింది మలుపుల్లో ఎక్కడో
నా బండి వైరు
అల్లం మోసుకుంటూ నడిచిపోతోంది.